పేరు మార్చి నాటిన మొక్క

మా ఇంట్లో బాదంచెట్టు లేదు. చుట్టుపక్కల ఇళ్ళలోనూ లేదు. నిన్న సాయంత్రం నేను వంటింట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతుండగా, వీధివైపు నుంచి రాతి మీద పెట్టి బాదంకాయ కొడుతున్నటువంటి చప్పుడు మూడుసార్లు వినబడింది. నాలుగోసారి అది కొంచెం మెత్తగా, పెంకు పగిలి పప్పు బయటపడినప్పుడు వచ్చే చప్పుడుగా మారింది. చేట అక్కడే పడేసి లేచాను. పగిలింది ఏమిటో చూడకముందే తెలిసిపోయింది. మా తోటలో పెంకు కొట్టి పప్పు తీయదగిన కాయ కాసే చెట్టు ఒక్కటే ఉంది. దాన్ని నాటింది నేనే, దానికి పేరు పెట్టింది కూడా నేనే.

ఇప్పుడు పిల్లలిద్దరూ నా పక్కనే పడుకున్నారు. మూడేళ్ళవాడి నాడిని ఈ రాత్రి కూడా అప్పుడప్పుడు చూస్తూ ఉండమని డాక్టరుగారు చెప్పారు కనుక నిద్రపోయే ఉద్దేశం లేదు. లాంతరు వత్తి తగ్గించి, ఒక చేతివేళ్ళు వాడి మణికట్టు మీద ఉంచి, రెండో చేత్తో ఇది రాస్తున్నాను. నాలాగే నాలుగు పుస్తకాలు చదువుకుని, కాపురానికి వచ్చి, ఇంటిముందు పూలమొక్కలు వేసుకుని మురిసిపోయే ఈడులో ఉన్న స్త్రీలు చదువుతారన్న నమ్మకంతో, జరిగింది జరిగినట్టు చెప్పదలచుకున్నాను. అయితే ముందు ఆ తోట ఎలా పుట్టిందో చెప్పాలి. నా తప్పు అందులోనుంచే మొలిచింది.

మా నాన్నగారు తాడేపల్లిగూడెం స్టేషనులో గూడ్సు గుమాస్తాగా పనిచేసేవారు. నా చిన్నతనంలో నేను చూసిన మొదటి తోట ఆ ప్లాట్‌ఫారమే. ఇటుకలు ఏటవాలుగా పాతి, సున్నం కొట్టిన మడుల్లో ఎర్రని మెట్టతామరలు ఉండేవి. గూడ్సు షెడ్డు కంచె పొడుగునా పచ్చగన్నేరు చెట్లు వరసగా ఉండేవి. పెంటపాడు వైపు నుంచి ధాన్యం బస్తాలతో వచ్చిన బళ్ళు ఆ చెట్ల పక్కన ఆగేవి, ఎడ్లు మాత్రం ఎంత ఆకలిగా ఉన్నా ఆ ఆకుకు మూతి చాపేవి కావు. ఆ సంగతి నేను చూశాను, గుర్తూ పెట్టుకున్నాను, కానీ దాని గురించి ఆలోచించలేదు. నా ఆలోచనంతా ఇంజను వదిలిన నల్లటి పొగలోంచి ఆ పసుపుపచ్చని పువ్వులు మళ్ళీ బయటపడేటప్పుడు ఎంత బాగుంటాయన్నదే. తరువాత చెన్నపట్నంలో హాస్టలులో ఉండి ఇంటర్మీడియట్ చదివాను. వృక్షశాస్త్రం కూడా చదివాను కాబట్టి, పువ్వును బ్లేడుతో నిలువునా కోసి, కేసరాలు లెక్కపెట్టి, బొమ్మ గీయడం వచ్చు.

ఏలూరు కాపురానికి వచ్చేటప్పటికి ఈ ఇంటి వెనక పెరట్లో మా అత్తగారు పెంచిన బీరపాదు, ఆనపపాదు, తులసికోట, పూజకు రెండు మందారాలు ఉండేవి. వీధి అరుగుకూ ప్రహరీకీ మధ్య ఉన్న జాగా మాత్రం ఖాళీగా, ఎండకు నెర్రెలు పడి ఉండేది. అక్కడ పూలతోట వేస్తానన్నాను. మా అత్తగారు కొల్లేటి లంకలో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ లెక్కలో పువ్వు దేవుడికైనా ఉండాలి, జడలోకైనా ఉండాలి. ఊరికే చూడడానికి మొక్క వేసుకోవడమనేది ఆవిడ ఎన్నడూ వినలేదు. "కాలేజీలో పువ్వు కోసి చూపించారు గానీ, కోసుకోడం నేర్పలేదనుకుంటాను" అని ఎదురింటివాళ్ళతో నవ్వుతూ అన్నారు. అన్నారేగాని, మర్నాడే పుట్టింటికి కబురంపి, రెండు బళ్ళ కొల్లేటి ఒండ్రు తెప్పించి ఆ జాగాలో పోయించారు. నల్లగా, వెన్నలా ఉండే ఆ మట్టిలో చిన్న చిన్న నత్తగుల్లలు ఉండేవి. దానితోపాటు వచ్చిన తుంగ ఏడాదిపాటు నన్ను ఏడిపించింది. ఎంత పీకినా మర్నాటికి మళ్ళీ సూదుల్లా లేచేది.

మొదటి ఏడు నాకు నచ్చినవన్నీ నచ్చినచోట నాటేశాను. ముద్దమందారం పక్కన ముద్దబంతి, దాని పక్కన కనకాంబరాలు, వాటికి ఆనుకుని నూరువరహాలు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఎంతో అందమైన పువ్వు. అన్నీ ఒకేసారి పూసిననాడు అరుగు మీద నిలబడి చూస్తే నాకు తలనొప్పి వచ్చింది. ఎందుకో తెలియలేదు. పుస్తకాల్లో మొక్కల కుటుంబాలు చెప్పారు గానీ, ఏ మొక్క పక్కన ఏ మొక్క కాపురం చేయగలదో చెప్పలేదు.

అది చెప్పింది మా పక్కింటి బూబమ్మగారు. వాళ్ళది తివాచీలు నేసే ఇల్లు. వాళ్ళ ఆయనా కొడుకులూ మగ్గం మీద కూర్చుంటే, రంగు వేసిన ఉన్ని పోగుల కట్టలు, వాళ్ళ మాటలో చిలపలు, ఆరబెట్టి, ఏది దేని పక్కన రావాలో వేరుచేసి అందించే పని ఆవిడది. ఒకరోజు గోడమీంచి మా తోటను చాలాసేపు చూసి, "ఏం కోడలమ్మా, పెళ్ళిలో ఆడంగులందరూ ఒక్కసారే మాట్లాడుతున్నట్టుందే మీ తోట!" అన్నారు. నాకు కోపం రాలేదు, నా తలనొప్పికి పేరు దొరికినట్టయింది.

మర్నాడు ఆవిడ నన్ను వాళ్ళింటికి తీసుకువెళ్ళి గడపలో కూర్చోబెట్టారు. రెండు చిలపలు పక్కపక్కన పట్టుకుని, కళ్ళు సగం మూసి చూడమన్నారు. ఎర్రదీ నారింజదీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఏదీ మిగలలేదు. మధ్యలో పెరుగు మీగడ రంగు చిలప ఒకటి పెట్టగానే రెండూ విడివడి, దేని అందం దానికి వచ్చింది. గట్టిగా మాట్లాడే రంగులు రెండిటి మధ్యా నెమ్మదైన రంగు ఒకటి కూర్చోవాలట. అంచు ముందు అనుకుని, పువ్వు తరువాత అనుకోవాలట. ఇంట్లో ఎవరు ఏ వేళకు ఎక్కడ కూర్చుని చూస్తారో అడిగి మరీ రంగు ఎంచాలట. ఎంత చదివినా నాకు తెలియని విద్య అది. ఆ మధ్యాహ్నమంతా కళ్ళు సగం మూసుకుని చిలపలు చూస్తూ కూర్చున్నాను. ఇంటికి వచ్చాక వేసినవన్నీ పెళ్ళగించాను. మా అత్తగారు అరుగు మీంచి చూసి, "నాటింది పీకడానికి కూడా చదువు కావాలి కాబోలు" అన్నారు.

రెండో ఏడు తొందరపడలేదు. ముందు అంచు అనుకున్నాను. ప్రహరీ పొడుగునా నందివర్ధనాలు వేశాను. ముదురాకుపచ్చ ఆకుల్లో ఆ తెలుపు పొద్దున్న ఎంత చల్లగా ఉంటుందో, దీపాలు పెట్టే వేళకు అంత వెలుగుగా ఉంటుంది. దాని ముందు రెక్కమందారం ఒక్కటంటే ఒక్కటే పెట్టాను. ముద్దమందారం అయితే బరువుగా కనబడుతుంది, రెక్కమందారానికి వెనక తెలుపు ఉంటే పువ్వులోని సన్నని గీతలు కూడా అరుగుమీదికి కనిపిస్తాయి. బంతిని, కనకాంబరాన్ని విడదీసి, మధ్యలో మరువం ఒత్తుగా వేశాను. దాని బూడిద కలిసిన పచ్చదనం రెండిటికీ సంధి చేసింది. మావారు బడిలో పాఠాలు చెప్పి వచ్చి కాఫీ తాగే వేళకు విచ్చుకునేటట్టు మెట్ల పక్కన గులాబిరంగు చంద్రకాంతలు, వీధిగుమ్మం మీదికి రాధామనోహరం. గేటు పక్కన కర్రల పందిరి మీదికి నీలం శంఖుపూల తీగ పాకించాను. ఏది ఎప్పుడు పూస్తుంది, ఏది ఎప్పుడు వాడుతుంది అని నోటుపుస్తకంలో రాసుకుని, ఒకటి వెళ్ళిపోయేవేళకు ఒకటి వచ్చేటట్టు చూశాను. ఆ ఏడు మాఘమాసంలో బూబమ్మగారు గోడమీంచి చూసి, తలూపి వెళ్ళిపోయారు. ఏ పరీక్షలోనూ నాకు అంత సంతోషం కలగలేదు.

ఒక్క లోటు మాత్రం ఉండిపోయింది. శంఖుపూల నీలం ఒంటరిగా ఉంటే నీడలో కలిసిపోతుంది. దాని వెనక ఎత్తుగా, ఏడాది పొడుగునా పూసే పసుపుపచ్చ ఒకటి కావాలి. బంతి పొట్టిది, చేమంతి చలికాలపు చుట్టం. కళ్ళు సగం మూసుకుని ఆ చోటును చూసినప్పుడల్లా తాడేపల్లిగూడెం స్టేషను కంచె కనిపించేది.

కాని మా ఇంట్లో గన్నేరుకు చోటు లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఎవరో ఇస్తే ఎర్రగన్నేరు కొమ్మ తెచ్చి పాతాను. సాయంత్రానికి అది లేదు. "పిల్లలు తిరగబోయే ఇంట్లో గన్నేరు వద్దమ్మా" అని మా అత్తగారు అంత మాత్రమే అన్నారు. తుమ్మితే ఆగడం, పిల్లి ఎదురొస్తే కూర్చోవడం లాంటిదే ఇదీ అనుకుని, నాలో నేను నవ్వుకున్నాను. ఎందుకని అడగలేదు. గన్నేరు జాతిలో పాలు కారేవాటన్నిటితోనూ జాగ్రత్తగా ఉండాలని కాలేజీలో మా లెక్చరరుగారు చెప్పిన మాట నాకు తెలియకపోలేదు. తెలిసీ, అది నా రంగుల లెక్కకు అడ్డం వస్తుందని పక్కకు పెట్టాను. ఈ రాత్రి ఆ ఒక్క విషయం మీదనే నాకు నా మీద ఎక్కువ కోపంగా ఉంది.

పెద్దపిల్ల పురిటికి పుట్టింటికి వెళ్ళి, అయిదో నెలలో తిరిగి వస్తూ, ఒళ్ళో పిల్లనూ, కాళ్ళ దగ్గర కిరసనాయిలు డబ్బాలో జానెడు పచ్చగన్నేరు మొక్కనూ పెట్టుకుని రైలెక్కాను. ఏలూరులో జట్కా దిగేసరికి మా అత్తగారు దిష్టి తీయడానికి గుమ్మంలో నిలబడి ఉన్నారు. పిల్లను అందుకుంటూ డబ్బావైపు చూసి, ఇదేం మొక్క అని అడిగారు. లంకలో ఆవిడ చూసింది ఎర్రగన్నేరే, పచ్చగన్నేరు ఎరగరు. "బంగారు గంటలండీ, అత్తయ్యగారూ" అన్నాను. ఆ పేరు నా నోట్లో ఆ క్షణానే పుట్టింది. "పేరు బాగుంది" అని ఆవిడే చోటు చూపించారు.

రెండేళ్ళకు అది నా ఎత్తు దాటింది. నీలం వెనక ఆ పసుపుపచ్చ పూసిననాడు, వీధిన పోయేవాళ్ళు ఆగి చూశారు. మా అత్తగారికి అదంటే నాకంటే ఎక్కువ మురిపెం అయిపోయింది. శివుడికి పచ్చని పువ్వు ఇష్టమని రోజూ పొద్దున్నే సజ్జ నిండా కోసుకునేవారు. మొక్క అడిగినవాళ్ళకు గింజలు కిందపడి లేచిన మొలకలను స్వయంగా తవ్వి ఇచ్చేవారు. అలా మా వీధిలో మూడు ఇళ్ళకు బంగారు గంటలు వెళ్ళాయి. నా పిల్లలు పుట్టి ఎరిగిన పేరు అదే. గన్నేరు మాటకొస్తే, వాళ్ళకు మామ్మ ఉగ్గుతోపాటు నేర్పిన పాఠం ఒకటుంది. గుడి దగ్గర గన్నేరు కనిపిస్తే, మా ఆరేళ్ళ పిల్ల తమ్ముడి చెయ్యి పట్టుకుని అవతలికి లాగుతుంది.

నిన్న నేను పరిగెత్తి వెళ్ళేసరికి ఆ పిల్లే మెట్టు మీద కూర్చుని ఉంది. ఒక చేతిలో గుండ్రాయి, రెండో చేతిలో పప్పు సగం బద్ద. తమ్ముడి బుగ్గ ఆడుతోంది. వాడి నోట్లో వేలు పెట్టి తీసినకొద్దీ నలిగిన తెల్లటి ముక్కలు వచ్చాయి. ఎంత వచ్చిందో, ఎంత లోపలికి పోయిందో తెలియదు. వాడు చేదుకు మొహం చిట్లించి ఏడుపు లంకించుకున్నాడు. అరుగు మీద వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు, "ఏం తిన్నాడే?" అని అడిగారు.

"బంగారు గంటల పప్పు మామ్మా. బాదంపప్పులా ఉందని" అంది పిల్ల.

మా అత్తగారు నిమ్మళంగా, "ఓస్, అంతేనా! దేవుడికి పెట్టే పువ్వేగా. చేదు తగిలి ఏడుస్తున్నాడు, కాస్త బెల్లం పెట్టవే అమ్మాయ్" అన్నారు, మళ్ళీ దూదిలో చెయ్యి పెట్టారు.

ఆ నిమ్మళం నేను ఇచ్చిందే. ఎంతసేపు ఊరుకున్నానో తెలియదు, ఒక్క గుటక మింగేటంత సేపే అయి ఉంటుంది. అందులో కూడా, ఏమీ కాదేమో, ఉమ్మేశాడేమో, చెప్పకుండా గడిచిపోతుందేమో అన్న ఆలోచన నాకు వచ్చింది. రాలేదని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది.

"గన్నేరండీ అత్తయ్యగారూ. పచ్చగన్నేరు. మీరు వద్దంటారని నేనే పేరు మార్చాను."

ఆవిడ లేచి వచ్చి, వాణ్ణి ముంజేతి మీద బోర్లా వేసుకుని, గొంతులో రెండు వేళ్ళు పెట్టి కక్కించారు. అప్పుడే బడి నుంచి వస్తున్న మావారు వాకిట్లోంచే వెనుదిరిగి జట్కా కోసం పరిగెత్తారు. పిల్లను బూబమ్మగారికి అప్పగించి బయలుదేరుతుంటే, అది ఏడవకుండా నావైపే చూస్తూ, "మామ్మ గన్నేరు ముట్టుకోవద్దంది కదమ్మా, నేనెప్పుడూ ముట్టుకోలేదు" అంది.

డాక్టరుగారు ఏం తిన్నాడని అడిగితే, నేను నోరు తెరిచేలోపలే మా అత్తగారు "గన్నేరు పప్పండీ, సగం బద్ద" అని చెప్పారు. ఆయన గొట్టం వేసి కడుపు కడిగి, చాలాసేపు గడియారం పట్టుకుని నాడి చూస్తూ కూర్చున్నారు. చివరికి తల ఎత్తి, "ఏదో అడవికాయ అని చెప్పి ఉంటే ఆముదం ఇచ్చి ఇంటికి పంపేవాణ్ణమ్మా. పేరు తెలియబట్టి సరిపోయింది" అన్నారు. రెండు రాత్రులు కనిపెట్టుకుని ఉండమన్నారు. ఆ మాట విన్నాక మావారు గది బయటికి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నారు. నాకు కన్నీళ్ళు కూడా రాలేదు.

ఇంటికి వచ్చాక, వాణ్ణి ఒళ్ళో వేసుకుని, మా అత్తగారు గోడవైపు చూస్తూ చెప్పారు. లంకలో వాళ్ళ దొడ్డి గుమ్మం దగ్గర ఎర్రగన్నేరు ఉండేదట. ఆవిడ చెల్లెలికి నాలుగేళ్ళట. కొల్లేరు నిండుగా ఉన్న రోజులట, దోనె వేసుకుని వైద్యుడి దగ్గరకు చేరేసరికి ఆలస్యమైందట. ఈ సంగతి నాకు అప్పుడే చెప్పి ఉంటే ఎంత బాగుండేదండీ అన్నాను. "నువ్వు అడగలేదు కదమ్మా" అన్నారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఓర్చుకోవడం తేలికయ్యేది.

నేను గొడ్డలి కోసం లేచాను. ఆవిడ వద్దన్నారు. "మనింట్లో కొట్టేస్తే ఊళ్ళో ఉన్నవి పోతాయా? ముందు పిల్లలకి చూపించు, పేరు చెప్పు. తరవాత తవ్విద్దాం" అన్నారు. మళ్ళీ, "ఆ చోట ముళ్ళగోరింట పెట్టుకో. పచ్చగా పూస్తుంది. ముళ్ళంటావా, ముట్టుకోవద్దని ముల్లే చెప్తుంది, మనం చెప్పక్కర్లేదు" అన్నారు. అంతటి ఘడియలోనూ నీలం వెనక నాకు పచ్చరంగు కావాలన్న సంగతి ఆవిడ మరచిపోలేదు.

ఇవాళ మధ్యాహ్నం ఆ మూడు ఇళ్ళకూ వెళ్ళి వచ్చాను. నేను చెప్పిన పేరు అబద్ధమని, అది పచ్చగన్నేరని గుమ్మంలో నిలబడి చెప్పాను. ఒకావిడ నవ్వింది, ఒకావిడ తలుపు వేసింది, మూడో ఇంటి కోడలు అక్కడికక్కడే పలుగు తెచ్చింది. రేపు మా చెట్టునూ వేరుతో సహా తవ్విస్తాను. అక్కడ కొంతకాలం బోడిగా కనిపిస్తుంది, కనిపించనీ. తోట మాత్రం మానను. ఆరేళ్ళ కిందట కళ్ళు సగం మూసుకుని రంగులు ఒక్కటే చూసేదాన్ని. ఇవాళ పొద్దుటి నుంచి ఏ మొక్కను చూసినా ఎత్తు ఎంత, పిల్లవాడి చెయ్యి అందుతుందా, కాయ కాస్తుందా, తుంచితే పాలు వస్తాయా అన్నవే కనిపిస్తున్నాయి. రంగులు ఆ తరువాత వస్తున్నాయి. అరుగు మీద నిలబడి ఊరికే చూసి సంతోషపడిన ఆ కొత్తకోడలి కళ్ళు మళ్ళీ నాకు రావు. అవి పోయినందుకు కొంచెం బెంగగానే ఉంది, కానీ తిరిగి కావాలని అడగను.

ఈ పొద్దున్న, ఇంకా ఎండ రాకముందే, మొట్టమొదటి పనిగా పిల్లలిద్దరినీ ఆ చెట్టు దగ్గరకు తీసుకువెళ్ళాను. పిల్లవాడు నీరసంగా మామ్మ భుజం మీద తల పెట్టుకుని ఉన్నాడు. రాలిన కాయ ఒకటి ఏరి, వాళ్ళ కళ్ళ ఎత్తుకు వచ్చేటట్టు కింద కూర్చుని చెప్పాను. దీని పేరు పచ్చగన్నేరు. మామ్మ ముట్టుకోవద్దన్న గన్నేరు ఇదే. బంగారు గంటలన్నది అమ్మ చెప్పిన అబద్ధం. పువ్వు, ఆకు, పాలు, కాయ, ఏదీ నోట్లో పెట్టుకోకూడదు, ఎవరింట్లో కనిపించినా సరే. తప్పు నీది కాదు, నాది.

అబద్ధం ఎందుకు చెప్పావని పిల్ల అడిగింది. ఆ పువ్వు ఇక్కడ అందంగా ఉంటుందని అన్నాను. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

అది నందివర్ధనం వైపు వేలు చూపించి, "మరి దాని పేరు నిజమేనా?" అంది.

నిజమే అన్నాను. మందారం అడిగింది, మరువం అడిగింది. నా చెయ్యి పట్టుకుని ఒక్కొక్క మొక్క దగ్గరకే తీసుకువెళ్ళి, శంఖుపువ్వు, చంద్రకాంత, రాధామనోహరం, అన్నీ అడిగింది. నిన్నటిదాకా తనే తమ్ముడికి నేర్పిన పేర్లు అవి. చివరికి ప్రహరీ మూల, నేను నాటకుండానే మొలిచి పాకిన సన్నని తీగ ఒకటి, తెల్లని చిన్న చిన్న పువ్వులతో ఉన్నది, దాని ముందు ఆగింది. దాని పేరేమిటంది. మొన్నటి రోజైతే పిల్ల ముచ్చటపడే పేరు ఏదో ఒకటి అప్పటికప్పుడు కల్పించి చెప్పేదాన్నే.

"నాకు తెలియదమ్మా" అన్నాను. "తెలిసినవాళ్ళని అడుగుదాం. తెలిసేదాకా దాన్ని ముట్టుకోవద్దు."